అలాయ్ సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము

16×7 జె. ఈటీ 38. 5×100. 57.1.
195/50 ఆర్ 16. 84 వి.

అవతారిక

మొదటి పాదం అలాయ్ చక్రం వెనకవైపు పోతపోసి ఉంటుంది. రెండోది టైరు పక్కగోడ మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. కర్త ఎవరో తెలియదు. అరమాత్ర మిగిలితే పుత్రోత్సవం చేసుకునేవారట వైయాకరణులు. ఈ సూత్రకర్త ఇంట్లో రోజూ బారసాలే అయి ఉండాలి.

సందర్భం ఇది. హైదరాబాదులో ఒక యువకుడు. అతనికొక ఫోక్స్‌వాగన్ పోలో, 2022లో చాకన్‌లో తయారీ ఆగిపోకముందు కొన్నది. లోయరింగ్ స్ప్రింగులు వేయించి 35 మి.మీ. కిందికి దించాడు. దించాక కంపెనీ ఇచ్చిన 15 ఇంచుల చక్రాలు కంటికి ఆనడం మానేశాయి. అలాయ్‌ల షాపుకు వెళ్లి నాయకుడు అడిగే మొదటి మాట: "అన్నా, ఎన్ని ఇంచులు వేయొచ్చు?" వ్యాఖ్యానమంతా ఈ ప్రశ్న తప్పని చెప్పడానికే.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు మల్లినాథసూరి. ఆయనది మన మెదక్ జిల్లా కొల్చారమే. ఆ ప్రతిజ్ఞ ఇక్కడ చెల్లదు. ఈ సూత్రంలో చక్రం ఉంది, టైరు ఉంది, కారు మాత్రం లేదు. లేనిదాన్ని తెచ్చుకుని అన్వయించుకోవాలి. దీన్నే అధ్యాహారం అంటారు. షాపులో దీనికి బిల్లు వేయరు గనుక ఎవరూ చేయరు.

టీక

16 = వ్యాసము, ఇంచులలో. మెరిసే అంచు నుంచి అంచుకు కాదు, లోపల టైరు బీడు, అంటే టైరు లోపలి అంచు, కూర్చునే చోట. 7 = వెడల్పు, అదీ బీడు నుంచి బీడుకే. బయటి అంచుల మధ్య టేపు పెడితే ఇంచుమించు ఒక ఇంచు ఎక్కువ వస్తుంది. ఆ కొలత చూపించి "ఎనిమిది ఇంచుల రిమ్" అని అమ్మేవారు కలరు. వారి పాఠము అశుద్ధము. జె = అంచు ఆకృతికి గుర్తు. కొనేవాడికి పాదపూరణము.

ఈటీ 38 = ఇది సూత్రానికి ప్రాణము. చక్రం వెడల్పును సరిగ్గా సగం చేస్తూ ఒక గీత ఊహించండి. హబ్బుకు అతుక్కునే ముఖం ఆ గీతకు రోడ్డు వైపుగా ఎన్ని మి.మీ. దూరంలో ఉందో ఆ సంఖ్యే ఈటీ. షాపు భాషలో ఆఫ్‌సెట్. సంఖ్య తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి దాక్కుంటుంది. ఇక్కడ తలకిందులుగా అర్థం చేసుకుని ముందుగా డబ్బు కట్టినవారు లెక్కలేనంతమంది.

5×100 = ఐదు బోల్టులు, వాటి కేంద్రాలు 100 మి.మీ. వృత్తం మీద. నాలుగు రంధ్రాలైతే ఎదురెదురుగా కొలిచి తెలుసుకోవచ్చు; ఐదింటికి ఎదురు లేదు. పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య కొలవాలి. 5×100కు అది 58.8 మి.మీ., 5×98కి 57.6. తేడా 1.2 మి.మీ. అంత తేడాతోనే బోల్టు వంకరగా ఎక్కి "టైటయింది కదా" అనిపిస్తుంది. అది టైటు కాదు, బోల్టు విరగడానికి పీఠిక.

ఎనిమిది రంధ్రాల అలాయ్‌లు కూడా బజారులో దొరుకుతాయి. ఇవి ద్వ్యర్థి కావ్యాలు. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారతాలను ఒకే పద్యంలో నడిపించినట్టు, ఒకే చక్రం 4×100గా స్విఫ్టుకూ 4×108గా ఫిగోకూ సరిపోతుంది. పోలోకు ఏ అర్థంలోనూ సరిపోదు.

57.1 = నడుమ రంధ్రము, మి.మీ.లలో. పోలో హబ్బు కూడా సరిగ్గా ఇంతే గనుక మన మూలపాఠం ఉత్తమము. బజారు అలాయ్‌లలో ఎక్కువ వాటికి ఈ రంధ్రం 73.1 ఉంటుంది, అందరి కార్లకూ అమ్మాలి కదా. అప్పుడు 73.1 నుంచి 57.1కి దించే రింగు మధ్యలో పెట్టాలి. రింగు లేకుండా బిగిస్తే చక్రం నడిబొడ్డున కూర్చోదు, ఎనభై దాటాక స్టీరింగు వణుకుతుంది. యజమాని మూడు షాపులు తిరిగి మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయిస్తాడు. పోయింది ప్లాస్టిక్ రింగు ఒక్కటే.

పాఠాంతరములు

"ఈటీ 38" అన్నచోట "ఈటీ 46" అని కొందరు, "ఈటీ 30" అని ఇంకొందరు చదువుతారు. ఏది గ్రాహ్యము? కంపెనీ చక్రం 6 జె, ఈటీ 40 అనుకుని లెక్కకు దిగుదాం. వెడల్పు ఒక ఇంచు పెరిగింది, అంటే నడిమి గీతకు అటు 12.7, ఇటు 12.7 మి.మీ. ఈటీ 38 అయితే మొత్తం 2 మి.మీ. బయటికి జరిగింది కనుక రిమ్ము బయటి అంచు 14.7 మి.మీ. ముందుకొచ్చింది, లోపలి అంచు 10.7 మి.మీ. స్ట్రట్టు, అంటే చక్రం వెనక నిలిచే సస్పెన్షను కంబం వైపు వెళ్లింది. ఈటీ 46 అయితే బయటికి 6.7 మాత్రమే; లోపలికి మాత్రం 18.7. ఈటీ 30 అయితే బయటికి 22.7, లోపలికి 2.7. ఇది రిమ్ము లెక్క. టైరు బుగ్గ దీనికి మరికొంత కలుపుతుంది.

ఈటీ 46 పాఠం పిరికివాళ్లది. బయట ఫెండరు కనిపిస్తుంది గనుక దానికి తగలకూడదని భయపడి చక్రాన్ని లోపలికి తోస్తారు. లోపల స్ట్రట్టు కనిపించదు. కనిపించనిదానికి తగిలితే టైరు లోపలి గోడ చడీచప్పుడు లేకుండా కోసుకుపోతుంది. ఈటీ 30 పాఠం రసికులది. ఫెండరు అంచుతో చక్రం అంచు సమంగా నిలవడమే వారికి మోక్షం. ఒక్కడే తోలితే మోక్షమే. ఆదివారం బావగారి కుటుంబం వెనక సీట్లో కూర్చున్నాక తెలుస్తుంది. ఈ వ్యాఖ్యాతకు 38 సమ్మతము, అదీ కొలిచాకనే.

ప్రక్షిప్తము

ఈటీ 46 చక్రం కొని, ఆపైన 10 మి.మీ. స్పేసరు పెట్టి 36 చేసుకోవడం ఒక సంప్రదాయం. కవి రాయని పద్యాన్ని మధ్యలో దూర్చడం ఇదే. ప్రక్షిప్తాలన్నీ త్యాజ్యాలు కావు. నడుమ రంధ్రానికి సరిపడే కంఠం ఉండి, బోల్టులు కూడా అంతే పొడవు పెరిగితే స్పేసరు పనిచేస్తుంది. పాత బోల్టులతోనే స్పేసరు వేస్తే మరలో దిగే చుట్లు తగ్గిపోతాయి. అప్పుడు చక్రం కారును వదిలి స్వతంత్ర కావ్యం అవుతుంది.

స్ప్రింగు చుట్లు రెండు కోయించి కారు దించడం ప్రక్షిప్తం కూడా కాదు, గ్రంథపాతము. చుట్లు తగ్గిన స్ప్రింగు గట్టిపడుతుంది, కోసిన కొస గూట్లో సరిగా కూర్చోదు, చక్రం గాల్లోకి లేచిన క్షణంలో గూడు తప్పుతుంది. చర్చ అనవసరం.

రెండో పాదానికి టీక

195 = టైరు వెడల్పు, మి.మీ. 50 = పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి యాభై, అనగా 97.5 మి.మీ. ఆర్ = రేడియల్. 84 = ఒక్కో టైరు మోయగల బరువుకు సంకేతం, 500 కిలోలు. వి = గంటకు 240 కి.మీ. దాకా, హైదరాబాదు అవుటర్ మీద కూడా అక్కరలేని అక్షరం.

ఇంచులు అడిగిన నాయకుడు అడగాల్సింది ఇక్కడ. కారు దించడమంటే టైరుకూ ఫెండరుకూ మధ్య ఉన్న ఖాళీని ఖర్చుపెట్టేయడం. అదే ఖాళీలో ఇప్పుడు పెద్ద టైరు కూడా కావాలనడం ఒకటో తారీకు జీతాన్ని రెండుసార్లు ఖర్చుపెట్టడం. కనుక రిమ్ము ఎంతన్నది తరవాత, టైరుతో కలిపి మొత్తం ఎత్తు ఎంతన్నదే ముందు. పాత 185/60 ఆర్ 15 ఎత్తు 603 మి.మీ. మన సూత్రంలోని 195/50 ఆర్ 16 ఎత్తు 601.4. తేడా రెండు మి.మీ. లోపే. స్పీడోమీటరుకు వార్త కూడా తెలియదు.

195/55 ఆర్ 16 వేద్దామా? పోలోలోనే పై మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజు కదా? కంపెనీ ఇచ్చింది దించని కారుకు. దాని ఎత్తు 620.9. సగానికి 9 మి.మీ. ఫెండరు వైపు పెరిగింది, 35 దించినచోట మరో 9 పోయినట్టే. పోనీ సన్నగా 195/45 ఆర్ 16? ఎత్తు 581.9కి పడిపోతుంది. మీటరు నూరు చూపినప్పుడు నిజంగా తొంభై ఆరున్నరే పోతుంటారు, కారు మరో 10 మి.మీ. నేలకు దగ్గరవుతుంది, ఆ సైజులో మామూలుగా దొరికే 80 సంకేతం మోసేది 450 కిలోలే. 84 ఉన్న కారుకు 80 వేయడం ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు. అందం వాదనకు తేవద్దు.

195/50 టైరుకు అనుమతించిన రిమ్ము 5.5 నుంచి 7 జె వరకు. మన 7 జె గట్టు మీద నిలబడి ఉంది. 9 జె రిమ్ము మీద ఇదే టైరును లాగి సాగదీసేవారు జర్మనీలోనూ జపాన్‌లోనూ చాలామంది ఉన్నారు. చక్రాల పైభాగం లోపలికి బాగా వాల్చి తోలడాన్ని జపాన్‌లో ఓనిక్యాన్ అంటారు, రాక్షస క్యాంబరు అని అర్థం. ఆస్ట్రియాలో వ్యోర్తర్ సరస్సు ఒడ్డున 1982లో మొదలైన గోల్ఫ్ జీటీఐ మేళాలో ఇలాంటి కార్ల కోసమే జనం చేరేవారు. అక్కడ నున్నటి రోడ్డు ఉంది. మనకు మల్కాజిగిరి ఉంది.

శంక

"దించితే చక్రం దానంతటదే లోపలికి వాలుతుంది కదా, ఆ మేరకు ఫెండరుకు దూరమవుతుంది కదా?" ముందు చక్రాల విషయంలో కొంత నిజం. ఒక డిగ్రీ వాలితే టైరు పైభాగం సుమారు 5 మి.మీ. లోపలికి జరుగుతుంది. వెనక చక్రాలకు ఇది వర్తించదు. పోలో వెనక ఉన్నది ట్విస్ట్ బీమ్, రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం. దించినంత మాత్రాన అది చెప్పుకోదగ్గంత వాలదు, అలైన్‌మెంటు మెషీను మీద దిద్దడానికి అక్కడ మరా లేదు. రుద్దుకునేది ఎక్కువగా వెనకే, ఐదుగురు కూర్చున్నాకే. ఇంకొక సంగతి: టైర్ల లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబరును తిడతారు. అసలు దొంగ చాలాసార్లు టో, అంటే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. దించిన రోజే అలైన్‌మెంటు చేయించని కారుకు కొత్త టైర్లు కొనడం దండగ.

రెండో శంక: "కొద్దిగా రుద్దుకుంటది అన్నా, నాలుగు రోజులకు అదే సెట్ అయితది." ఇది శంక కాదు, షాపువారి ఆప్తవాక్యం. విరోధాభాసాలంకారము. సెట్ అయ్యేదేమిటో విచారించాలి. ఫెండరు ఇనుము వెనక్కి జరగదు. ప్లాస్టిక్ లైనరు అరిగి చిల్లిపడుతుంది, లేదా టైరు భుజం గీరుకుపోతుంది. రెండూ అయ్యాక చప్పుడు నిజంగానే ఆగుతుంది. ఆ అర్థంలో ఆప్తవాక్యం సత్యమే.

విశేషాంశము: స్పీడ్ బ్రేకరు

ఇది మూలంలో లేదు, ఊళ్లో ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 1988 నాటి ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. పోలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ. రెండు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి గనుక మధ్యలో నేల కారు వైపు లేచేది 45 మి.మీ. మాత్రమే. అసలు 165కు అటూఇటూగా ఉన్న క్లియరెన్సులో 35 దించినా ఇంకా చోటు మిగులుతుంది. శాస్త్రం దించిన కారు పక్షానే ఉంది.

కాలనీ అసోసియేషన్లు శాస్త్రం చదవవు. సిమెంటు మిగిలినచోట మిగిలినంత ఎత్తున, మూరెడు వెడల్పుతో గట్టు కడతారు. దాన్ని రెండు చక్రాలూ చెరోవైపు దాటి నిలిచినప్పుడు గట్టు ఎత్తంతా కారు కడుపు కింద ఉంటుంది. దానికి ఏ ఈటీ చాలదు. అక్కడ ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ పోవడమే. వెనకవాడు హారను కొడతాడు, కొట్టనీయండి.

రాజశాసనం కూడా ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. ఇన్స్యూరెన్సువారు ఈ సెక్షనును కంఠస్థం చేసి ఉంటారు.

తాత్పర్యము

ఓ నాయకా! ముందు టైరు మొత్తం ఎత్తు పాతదానికి సమానంగా చూసుకో. తరవాత కంపెనీ చక్రం విప్పించి, టైరు నుంచి స్ట్రట్టుకు ఎంత, ఫెండరు లోపలి మడతకు ఎంత అన్నది స్కేలు పెట్టి కొలువు. ఆ రెండు సంఖ్యలకు సరిపడే ఈటీ వెతుకు. వెడల్పు ఆ తరవాత. ఇంచులు అన్నిటికన్నా చివర. డబ్బు కట్టకముందు ఒక్క చక్రం ముందొకసారి, వెనకొకసారి వేయించి, మనుషులను ఎక్కించి, స్టీరింగు కొసకంటా తిప్పి ర్యాంపు మీదికి రివర్సులో ఎక్కించు. ఒప్పుకోని షాపులో కొనకు.

చక్రం బిగించే చోట ఒక్క విషయం వదిలేశాను. ఫోక్స్‌వాగన్ వారి బోల్టు తల కింది భాగం గుండ్రంగా ఉంటుంది, బజారు అలాయ్‌లకు చాలావాటికి శంకువులా ఉండే బోల్టు కావాలి. ఒకదాని గూట్లో ఒకటి కూర్చోదు, అంచు మీద మాత్రం ఆనుతుంది. రెంచికి తేడా తెలియదు, 120 న్యూటన్ మీటర్ల దగ్గర టిక్కుమంటుంది. అలాయ్‌లతో పాటు శంకు బోల్టులు ఇరవై కొనాలి. డిక్కీలో స్టెప్నీ ఇంకా పాత 15 ఇంచుల ఇనుప రిమ్మే కనుక పాత గుండ్రటి బోల్టులు ఐదు జాకీ పక్కన గుడ్డలో చుట్టి ఉంచాలి. చాలామంది వాటిని షాపు బల్ల మీదే వదిలేసి వస్తారు.