మొండి బాకీ

తెల్లారి ఐదున్నరకి మా నరసన్నపేటలో హైవే పక్కకి వెళ్లి నిలబడండి. మెడకి మఫ్లరు, నడుముకి పంచె, కాళ్లకి కొడుకు విశాఖ నుంచి పంపిన బూట్లు. ఒంట్లో కొలెస్ట్రాల్ ఉందని తెలిసిన సావుకార్లు వరసగా కనబడతారు. వీధికొకరున్నారు. నేను చెప్పేది మా వీధాయన సంగతి. కిరాణా కొట్టు. నలభై ఏళ్లు చిట్టా, ఆవర్జా రాసిన చెయ్యి. ఇప్పుడు ఒంటికి కూడా ఒక పద్దు తెరిచారు.

నడిస్తే జమ, తింటే ఖర్చు. అరగంట నడక సరిగ్గా టిఫిన్ బండి దగ్గర ముగుస్తుంది. రెండు గారెలు, పైన అల్లం పచ్చడి. "ఇప్పుడే జమ ఏసేను కదా మాస్టారూ, కాసింత ఖర్చు రాసుకోనేటి?" అంటారు. ఆ జమ ఆ రెండు గారెలకి చాలదని నేను అనను. అంటే రేపట్నుంచి నడక మానేస్తారు, గారె మానరు.

పోయినేడు రక్తపరీక్ష కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. మొత్తం 248. మంచిది 38. ట్రైగ్లిజరైడ్లు 210. చెడ్డది 168. మంచిదాన్ని ఆయన డిపాజిట్టంటారు, చెడ్డదాన్ని మొండి బాకీ అంటారు. ఆ 168 ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. ట్రైగ్లిజరైడ్లని ఐదుతో భాగించి, అదీ, మంచిదీ మొత్తంలోంచి తీసేస్తే మిగిలేదే చెడ్డదనీ, 1972లో ఫ్రీడ్‌వాల్డ్ అనే అమెరికా ఆయన చెప్పిన లెక్కనీ అన్నాను. నోరు మూసుకోవలసింది.

"అంటే తూసింది కాదా! కాయితం మీద కట్టిందా!" కళ్లు మూసుకుని పెదాలు కదిపారు. "ఐదు మానీసి నాలుగుతో బాగారించమనండి. పది తగ్గుద్ది."

నిజమే, తగ్గుతుంది. ఆ మాట మీద పరీక్ష చేసిన కుర్రాడితో బేరానికి కూడా వెళ్లొచ్చారు.

కొట్లో నూనె పేకెట్టు చూపించి "సూడండి, కొలెస్ట్రాల్ నేదని అచ్చేసేరు" అంటారు. అది జంతువుల సరుకు. ఏ గింజ నూనెలోనూ ఎన్నడూ లేదు. బియ్యం బస్తా మీద 'ఇందులో చేప ముల్లు లేదు' అని అచ్చేసినట్టుంటుంది నాకు. పామాయిల్లో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వే, రక్తంలో మొండి బాకీని పెంచేది అదీ. ఆ ముక్క పేకెట్టు ముందు వైపు ఉండదు.

ఇక గుళికలు. సావుకారు గారు శుద్ధ శాకాహారి. కళింగపట్నం చేపల గంప వీధిలో దిగితే ముక్కుకి కండువా కట్టేస్తారు. చేపనూనె గుళిక మాత్రం రోజూ రాత్రి, తులసాకుతో కలిపి. "అది సేప కాదు మాస్టారూ, మందు." కార్తీక మాసం నెల్లాళ్లూ మందుకి సెలవు. చేపనూనె ముఖ్యంగా తగ్గించేది ట్రైగ్లిజరైడ్లని, అదీ డాక్టరు రాసే పెద్ద మోతాదులో, మొండి బాకీని కాదు అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "ఇన్నాళ్లూ ఎవడి కాతాలో జమేసేను?"

అసలు పనికొచ్చే ఇసబ్‌గోల్ పొట్టు ఆయన వెనకాల అల్మారాలోనే ఉంది. ఆ పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుపోతుంది. దాన్ని మళ్లీ తయారు చేసుకోడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. "కొట్టు సరుకు తింటే లాభం పోద్ది" అని ముట్టరు. పలాస జీడిపప్పు డబ్బా దగ్గర ఈ నియమం వర్తించదు.

డాక్టరు మాత్ర రాశాడు. స్టాటిన్. దాని పుట్టుక చెబితేనన్నా వేసుకుంటారని చెప్పాను. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన వేల రకాల బూజులు వెతికి, క్యోటోలో ఒక ధాన్యం కొట్టు బియ్యానికి పట్టిన బూజులోంచి 1973లో మొదటి స్టాటిన్ తీశాడు. సావుకారు గారు చాలాసేపు మాట్లాడలేదు. "నాను అలాటి బియ్యం ఎన్ని బస్తాలు పారబోసేనో!" అన్నారు చివరికి.

మాత్ర పనిచేసింది. మూడు నెలలకి చెడ్డది 104. బాకీ వసూలైందని ఖాతా కొట్టేసి మాత్ర ఆపేశారు. ఒంట్లో కొలెస్ట్రాల్ చాలా మట్టుకు కాలేయమే తయారు చేసుకుంటుంది. మాత్ర ఆపితే ఆ కార్ఖానా మళ్లీ పూర్తిగా తెరుచుకుంటుందన్నాను. ఈ మాటకి ఆయన సంబరపడిపోయారు. "సూసేవేటే, తయారీ నోపలే అంట! గారె తప్పు నేదు!" అని లోపలికి కేకేశారు. "అలాగైతే రేపట్నుంచి నోపలే తయారు సేసుకోండి, నాను ఒండను" అని సావుకారమ్మ గారి జవాబు.

వచ్చే గురువారం మళ్లీ రక్తం ఇవ్వాలి. సోమవారం నుంచి చోడి అంబలి, ఉప్పు లేని మజ్జిగ. మధ్యలో బుధవారం శ్రీముఖలింగంలో మేనల్లుడి పెళ్లి ఉంది.