పట్టుబడ్డాను, పట్టుకున్నాను

నన్ను సోదా చేశారు. తర్వాత నాతోనే సోదాలు చేయించారు. చివరికి ఆ సోదాల మీది కోపానికే కాలిపోయాను. ఇదంతా ఏడాదిన్నర లోపు జరిగింది.

నా పేరు లిబర్టీ. ఒకే కొయ్య, దానికి తెరచాపలు, అడుగున సరుకు అర, అంతే నేను. బోస్టన్ షావుకారు జాన్ హాన్‌కాక్ ఓడని. అప్పటికి అమెరికా వలసలు బ్రిటిష్ రాజు కింద ఉండేవి. రేవుకొచ్చిన ఓడ మీదికి కస్టమ్స్ వాళ్ళు కాపలా మనుషుల్ని ఎక్కించేవారు. సరుకు దిగేదాకా వాళ్ళు కదలకూడదు. డెక్కు మీద ఎంతసేపైనా నిలబడొచ్చు. కింద అరలోకి దిగొచ్చా అన్నదగ్గరే పేచీ.

మా షావుకారు ఆ పేచీకి ఎప్పుడూ సిద్ధమే. 1768 ఏప్రిల్‌లో ఆయన మరో ఓడ లిడియా వచ్చినప్పుడు కాపలా మనిషి ఒకడు రాత్రివేళ కిందికి దిగాడు. హాన్‌కాక్ తన మనుషుల్ని వెంటేసుకుని వచ్చి సోదా వారంటు ఏదని అడిగాడు. లేదనేసరికి అతన్ని అమాంతం ఎత్తించి పైన దింపించాడు. కస్టమ్స్ వాళ్ళు కేసు పెట్టమని మొత్తుకుంటే, హాన్‌కాక్ హద్దు దాటలేదని ప్రభుత్వ వకీలే తేల్చేశాడు.

ఆ వారంటు సంగతి కాస్త చెప్పాలి. 'రిట్ ఆఫ్ అసిస్టెన్స్' అనేవారు. ఫలానా ఇల్లు, ఫలానా సరుకు అని అందులో ఉండదు. అది చేతిలో ఉంటే పగటిపూట ఏ ఇంట్లోకైనా, ఏ గోదాములోకైనా చొరబడొచ్చు. రాజు ఉన్నన్నాళ్ళూ, ఆయన పోయాక ఇంకో ఆరు నెలలూ చెల్లుతుంది. 1760లో రెండో జార్జి పోవడంతో కొత్తవి కావలసి వచ్చాయి. మరుసటి ఫిబ్రవరిలో జేమ్స్ ఓటిస్ అనే వకీలు వాటిని ఎండగడుతూ బోస్టన్ కోర్టులో వాదించాడు. కేసు నెగ్గలేదు. ఆ వాదన వింటూ కూర్చున్న కుర్ర వకీలు జాన్ ఆడమ్స్‌కి మాత్రం అది జన్మంతా గుర్తుండిపోయింది.

ఇక నా వంతు. 1768 మే 9న మదీరా దీవి నుంచి ద్రాక్షసారాతో బోస్టన్ చేరాను. పీపా ఒక్కొక్కటి నాలుగొందల లీటర్ల పైమాటే. రెండు పీపాలకి కలిపి ఏడు పౌండ్ల సుంకం. లెక్కలో చూపించింది 25 పీపాలు. నా కడుపు అంతకంటే చాలా పెద్దదని రేవులో పసివాడికైనా తెలుసు. కాపలా మనుషులు మొదట ఏమీ చూడలేదన్నారు. నెల తిరిగాక థామస్ కిర్క్ అనే కాపలా మనిషి మాట మార్చాడు. లంచం ఇస్తామంటే వద్దన్నానని, తనని కింద పెట్టి తలుపు బిగించారని, దాదాపు మూడు గంటలపాటు పైన జనం అడుగులూ, బరువులు లాగే కప్పీల చప్పుడూ విన్నానని ప్రమాణం చేసి చెప్పాడు. నిజమేనా? ఎన్ని పీపాలున్నాయో నాకు తెలుసు. యజమాని ఉప్పు తిన్నదాన్ని, చెప్పను.

జూన్ 10 సాయంత్రం కస్టమ్స్ అధికారులు హ్యారిసన్, హాలోవెల్ రేవుకొచ్చి నా కొయ్య మీద రాజుగారి బాణం గుర్తు వేశారు. మూడు గీతలు. ఆ గుర్తు పడిందంటే ఓడ రాజుగారిదైపోయినట్టే. తమాషా ఏమిటంటే, కాగితాల మీద నేరం ద్రాక్షసారా కాదు. పర్మిట్ రాకముందే తిమింగలం నూనె, తారు ఎక్కించారని. ముందు ఎక్కించి తర్వాత కాగితం రాయించుకోవడం ఆ రేవులో అందరూ చేసేదే. యాభై ఫిరంగుల యుద్ధనౌక రోమ్నీ నుంచి పడవలొచ్చి నా మోకులు తెంపి లాక్కుపోయాయి. ఒడ్డున జనం రాళ్ళందుకున్నారు. అధికారుల్ని కొట్టారు. హ్యారిసన్ షికారు పడవని ఈడ్చుకెళ్ళి తగలబెట్టారు. కస్టమ్స్ కమిషనర్లు ప్రాణభయంతో రోమ్నీలోనే తలదాచుకున్నారు. అక్టోబరు 1న బోస్టన్‌లో సైన్యం దిగింది.

జనానికి సుంకం మీద ఎంత కోపమో, వాటా మీద అంతకంటే ఎక్కువ. జప్తు చేసిన సొమ్ములో మూడో వంతు రాజుకి, మూడో వంతు గవర్నరుకి, మిగతాది పట్టుకున్నవాడికి. సోదా చేసేవాడికి దొరికినదాంట్లో భాగముంటే ఇక దొరక్కుండా ఎలా ఉంటుంది? సోదా అధికారం తప్పని నేననను. ఆ వాటా మాత్రం ముమ్మాటికీ తప్పు.

హాన్‌కాక్ మీద తొమ్మిది వేల పౌండ్లకి దావా వేశారు. ఆయన తరఫు వకీలు ఆ జాన్ ఆడమ్సే. 1769 మార్చిలో దావా ఎత్తేశారు. నన్ను మాత్రం తిరిగివ్వలేదు. అప్పటికే కోర్టు నన్ను జప్తు చేసేసింది, కస్టమ్స్ వాళ్ళే కొనుక్కుని ఫిరంగులు బిగించి కెప్టెన్ విలియం రీడ్ చేతికిచ్చారు. రోడ్ ఐలండ్ తీరంలో కాపలా. నా మీద బాణం గుర్తు వేసినవాళ్ళ కోసం, నాలాంటి ఓడల్నే తరిమి ఆపాను. వాటి అరల్లోకి మనుషులు దిగుతుంటే ఆ చప్పుడు నాకు కొత్తగా ఏం అనిపిస్తుంది?

1769 జులైలో కనెక్టికట్ ఓడలు రెండింటిని పట్టి రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌కి తెచ్చాం. వాటిలో ఒకదాని కెప్టెన్ ప్యాక్‌వుడ్ తన బట్టలు తీసుకుని పడవలో వెళుతుంటే మావాళ్ళు కాల్పులు జరిపారు. 19వ తేదీ రాత్రి ఊరు విరుచుకుపడింది. నా మోకులు కోసి, కొయ్య నరికి, ఆఖరికి నిప్పు పెట్టారు.

ఆ తర్వాతి కథ మరీ విడ్డూరం. అదే జనం స్వతంత్రులయ్యారు. 1789 జులై 31న వాళ్ళ మొదటి కాంగ్రెస్ కస్టమ్స్ చట్టం చేసింది. ఇంట్లో వెతకాలంటే మేజిస్ట్రేటు వారంటు కావాలి. ఓడైతే అనుమానానికి కారణముంటే చాలు, ఎక్కి వెతకొచ్చు. ఇల్లు ఎక్కడికీ పోదు, ఓడ తెల్లారేసరికి కనపడదు గనక. రెండు నెలలు తిరక్కుండా అదే కాంగ్రెస్, అకారణ సోదాల్ని నిషేధించే నాలుగో సవరణని ప్రతిపాదించింది. 1925లో కారుని వారంటు లేకుండా సోదా చేయొచ్చా అన్న ప్రశ్న వస్తే, అమెరికా సుప్రీంకోర్టు ఆ 1789 చట్టాన్నే ముందు పెట్టుకుని చేయొచ్చంది.

మీ భారతదేశంలోనూ 1962 కస్టమ్స్ చట్టం 106వ సెక్షన్ ఉంది. స్మగ్లింగ్ చేస్తోందని నమ్మడానికి కారణముంటే ఓడనైనా, లారీనైనా, సరుకు మోసే జంతువునైనా ఆపి వెతకొచ్చు. తాళం చెవి ఇవ్వకపోతే పగలగొట్టొచ్చు. ఆగమన్నా ఆగని ఓడని వెంబడిస్తారు, హెచ్చరికగా ఒక తుపాకీ పేలుస్తారు, అప్పటికీ ఆగకపోతే ఓడ మీదే కాలుస్తారు.