పెద్దయ్యాక తెలుస్తాదిలే

కొండకర్ల ఆవ అనే సరస్సులో తాటిదోనె ఎక్కి పక్షుల్ని చూడ్డానికి పట్నం పిల్లలు బస్సుల్లో దిగుతుంటారు. మరి ఆవ ఒడ్డు పిల్లలు ఎక్కడికి పోవాలి? విజయనగరంలో 'కన్యాశుల్కం' నాటకం రాసిన గురజాడ ఇంటికి. ఆయన 1862లో పుట్టింది ఎస్.రాయవరంలో, ఆవ ఉన్న అనకాపల్లి జిల్లాలోనే. కానీ అంత దగ్గరికి వెళ్తే దాన్ని యాత్ర అనరు, తల్లిదండ్రులు డబ్బులూ ఇవ్వరు.

బడి యాత్రల తీరు తెలిసిందేగా! ఆరింటికి రమ్మంటే ఎనిమిదింటికి బస్సొస్తుంది. ఇంటి ముందు బ్యానర్ కట్టడానికి అరగంట. అందులో నాయకుల బొమ్మలు నిలువెత్తున, గురజాడ బొమ్మ తపాలాబిళ్లంత. లోపల పది నిమిషాలు. ముట్టుకోవద్దు, వరస తప్పొద్దు, నవ్వొద్దు. తెలుగువాళ్లను అంతలా నవ్వించినాయన ఇంట్లో నవ్వితే తప్పు!

ఇంతలో ఓ ఒకటో తరగతి పిల్ల అడుగుతుంది: "మాస్టారూ, కన్యాశుల్కం అంటే ఏటండీ?"

"పెద్దయ్యాక తెలుస్తాదిలే. లైన్లో నిలబడు."

ఆపైన బిర్యానీ పొట్లాలు, విశాఖ ఆర్కే బీచ్.

మాస్టారి ఇబ్బందీ ఇబ్బందే. నాటకంలోని వేశ్య మధురవాణి దాకా వెళ్తే హెడ్మాస్టారు ఊరుకోరు. అందులోనే మాయమాటల పంతులు గిరీశం దాకా వెళ్తే సాటి పంతుళ్లలో ఎవరైనా నొచ్చుకోవచ్చు.

కానీ ఆ పిల్ల పెద్దయ్యేదాకా ఆగాల్సిన సంగతి కాదది. 1897లో నాటకం అచ్చయినప్పుడు ముందుమాటలో గురజాడే లెక్కలిచ్చారు. విజయనగరం మహారాజు జాబితా రాయిస్తే, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1034 శుల్కం పెళ్లిళ్లు తేలాయి. పెళ్లినాటికి ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36. ఏడాది నిండినవాళ్లు ముగ్గురు. ఇప్పటి లెక్కన అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతి దాకా అందరూ పెళ్లికూతుళ్లే. కొండకర్లా అప్పట్లో ఆ జిల్లాలోదే.

మాస్టారూ, ఈసారి ఆ పిల్ల అడిగితే బిర్యానీ చల్లారినా ఫర్వాలేదు, ఈ లెక్క చెప్పండి. నీ ఈడు పిల్లల్ని డబ్బు పుచ్చుకుని ముసలాళ్లకు కట్టబెట్టేవారమ్మా, అది తప్పని ఈ ఇంటాయన నాటకం రాశారు అనండి. కూడికలు నేర్చిన పిల్లకు ఆపాటి అర్థమవుతుంది.