అలకపాన్పు మీద నాలుగు తీగలు

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, ఒక పూటంతా తిరిగి కంప్యూటర్ సామానంతా ఆటోలో వేసుకొచ్చాను. "బిగించి ఇవ్వమంటారా సార్?" అని కొట్టు కుర్రాడు అడిగాడు. "అక్కర్లేదు" అన్నాను. ఆ ఒక్క మాటకి నా ఆదివారం పోయింది.

ఖరీదైనవన్నీ బుద్ధిగానే కూర్చున్నాయి. ప్రాసెసర్‌కి ఓ మూల చిన్న త్రిభుజం, సాకెట్ మీది గుర్తుతో కలిపితే సరి. ర్యామ్‌కి గాటుంది, తిరగేసి పెడదామన్నా దిగదు. 24 పిన్నుల పవర్ కేబులూ అంతే. వేలు పోసి కొన్నవాటిని తప్పుగా పెట్టే వీలే లేకుండా చేశారు మహానుభావులు. ఇక మిగిలినవి క్యాబినెట్ ముందు భాగం నుంచి వేలాడే సన్నటి తీగలు: పవర్ స్విచ్, రీసెట్ స్విచ్, డిస్కు లైటు, పవర్ లైటు. పెళ్ళంతా సవ్యంగా జరిగాక అలకపాన్పు ఎక్కిన అల్లుళ్ళు ఇవే.

వీటిని గుచ్చే చోటు మదర్‌బోర్డు కింది అంచున, మూలకి. రెండు వరుసల్లో 9 పిన్నులు. పదోది ఉండాల్సిన చోట ఖాళీ, ఊడిన పన్నులా. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. నా వేలు పెడితే ఒకేసారి ఆరింటి మీద పడుతుంది. పైగా బుద్ధి తక్కువై గ్రాఫిక్స్ కార్డు ముందే బిగించేశాను, చెయ్యి పెట్టబోతే అదొక అడ్డం.

మా ఆవిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుంది.

"కొంచెం ఎడమకి."

"నా ఎడమా, మీ ఎడమా?"

మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకంలో బోర్డు నిలబడి ఉంది, మా హాల్లో పడుకుని ఉంది. మెడ వంచి చూశాను, పుస్తకం తిప్పి చూశాను, చివరికి నేనే లేచి అటువైపు కూర్చున్నాను. ఆవిడ తన కనుబొమల ప్లక్కర్ తెచ్చిచ్చింది.

పవర్ స్విచ్ తీగ ఎటు తిప్పి గుచ్చాలా అని పది నిమిషాలు మల్లగుల్లాలు పడ్డాను. స్విచ్‌కి అటూ ఇటూ లేదట, రెండు పిన్నులూ క్షణం కలిస్తే చాలట. ప్లస్సూ మైనస్సూ చూడాల్సింది లైట్లకి. వాటిని మాత్రం దేవుడి మీద భారం వేసి గుచ్చేశాను.

బటన్ నొక్కాను. చడీచప్పుడూ లేదు. ర్యామ్ పీకి మళ్ళీ పెట్టాను. ప్లగ్గులో కరెంటుందో లేదోనని మిక్సీ పెట్టి చూశాను. మిక్సీ తిరిగింది.

బావమరిదికి ఫోన్ చేశాను.

"పవర్ పిన్నుల మీది తీగ పీకి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ ఒక్కసారి ముట్టించు బావా."

"షాక్ కొడుతుందేమోరా!"

"నీకేం కాదు. పక్క పిన్నుకి తగిలిందా, బోర్డు పోతుంది."

ముట్టించాను. ఫ్యాన్లు తిరిగాయి! ఆపేసి, పీకిన తీగనే జాగ్రత్తగా మళ్ళీ గుచ్చి బటన్ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. బటనే చెడిందని తేల్చేసి, పొద్దున్నే కొట్టువాణ్ణి నిలదీయడానికి మాటలు కూడా కూర్చుకున్నాను.

రాత్రి ఆవిడ క్యాబినెట్ తుడుస్తుంటే గుడ్డ రీసెట్ బటన్ మీదుగా వెళ్ళింది. కంప్యూటర్ లేచి కూర్చుంది.

పవర్ ఉండాల్సిన చోట రీసెట్, రీసెట్ చోట పవర్ గుచ్చానన్నమాట. ఆ తీగల మీద చీమ తలంత అక్షరాలు. ఇంగ్లీషు పీకీ ఆర్‌కీ తేడా ఒక్క కాలు. ఆ కాలు నా కళ్ళజోడుకి ఆనలేదు.

మార్చడానికి రెండు నిమిషాలు చాలు. కానీ మళ్ళీ ఆ ప్లక్కర్, ఆ ఎడమ, ఆ కుడి... వద్దులెండి. మూణ్ణెల్లయింది. లైట్లు రెండూ వెలగవు. బఠాణీ గింజంత రీసెట్ నొక్కితేనే మా కంప్యూటర్ లేస్తుంది.

మొన్న బావమరిది వచ్చాడు. సంగతి చెప్పడానికి నాకు మొహమాటమేసింది. పని చూసుకున్నాక ఆపుదామని పెద్ద బటన్ నొక్కాడు. అది మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది.

"ఇదేంటి బావా, చావదూ?"

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: "చిన్నది నొక్కరా!"