గూడూరు జంక్షన్‌లో హిమపాతం

వాతావరణ శాఖ వాళ్లకు ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు గానీ, గూడూరులో ఏటా డిసెంబరులో హిమపాతం అవుతుంది. వీధుల్లో కాదు. ఇంగ్లీషు మీడియం పిల్లలున్న ఇళ్లలో, డైనింగ్ టేబుల్ మీద, రాత్రి పది దాటాక. కురిసేది నీలం చార్టు ముక్క మీద. కురిపించేది ఆకాశం కాదు, అమ్మ.

'పిల్లలు తమ సొంత చేతులతో వింటర్ గ్రీటింగ్ కార్డు చేసి తీసుకురావాలి' అని బడి వాట్సాప్ గ్రూపులో కబురు పడిన గంటలో ఫ్యాన్సీ షాపుల ముందు స్కూటీలు ఆగుతాయి. మంచు పువ్వు రబ్బరు స్టాంపు, తెల్ల ఇంకు ప్యాడు, వెండి గ్లిట్టరు, మెరిసే రిబ్బను, దళసరి అట్ట. షాపులో దొరకనివాళ్లు ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పిస్తారు. అందులో అట్టలు ముందే కత్తిరించి, ముందే మడిచి, ఏది ఎక్కడ అంటించాలో గుర్తులతో సహా వస్తాయి. ఇక సొంత చేతులకు మిగిలే పని డబ్బా విప్పడం. అది కూడా చాలా ఇళ్లలో నాన్నే చేస్తాడు, ఓటీపీ ఆయన ఫోనుకు వస్తుంది గనక.

స్టాంపు కొట్టే దగ్గర మాత్రం బిడ్డకు అవకాశం ఇస్తారు. ఒకటి సరిగ్గా పడుతుంది. రెండోది వంకరగా పడగానే, "నువ్వు పొయ్యి పండుకో మా, నేను జేస్తాలే" అని అమ్మ స్టాంపు లాక్కుంటుంది. తేమకు గమ్ము ఆరదు. ఆరని కార్డు ఫ్యాన్ కింద ఎగిరి గ్లిట్టరు ఇల్లంతా చల్లుతుంది. మర్నాడు దోసెల మీద కూడా మెరుస్తుంది. బడిలో మిస్ గారు కార్డులన్నీ తీగకు వేలాడదీసి ఫోటో తీసి గ్రూపులో పెడతారు, కింద ఒక వాక్యం: పిల్లల్లో సృజనాత్మకత. అమ్మలు రెండు చేతులూ జోడించిన బొమ్మలు పెడతారు. ఎవరి సృజనకు ఎవరు దండం పెడుతున్నారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

సరే, బడి అన్నాక ఏదో ఒక పని చెప్తుంది. నాకు ఎక్కని మాట 'వింటర్'.

గూడూరు డిసెంబరంటే ఈశాన్య రుతుపవనం తోక. రాత్రి ఇరవై డిగ్రీల దాకా దిగితే మంకీ క్యాపులు బయటికొస్తాయి, పగలు మళ్లీ ఫ్యాను వేస్తాం. మాకు కురిసేది వాన, లేచేది తుపాను. 2021 నవంబరులో పంబలేరు పొంగి గూడూరు దగ్గర జాతీయ రహదారి మునిగింది. 2022 డిసెంబరులో మాండూస్ వచ్చింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చింది, అది తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా దాటే లోపు మనల్ని తడిపే వెళ్లింది. కాబట్టి ఇక్కడి పిల్లలకు డిసెంబరు హాలిడే అంటే ముందు గుర్తొచ్చేది క్రిస్మస్ తాత కాదు, వానకు సెలవిచ్చే కలెక్టరు గారు. ఆయన ఫోటోతో కార్డు చేయమంటే పిల్లలు అమ్మ సాయం లేకుండా, మనస్ఫూర్తిగా చేస్తారు. 2022 ఏప్రిల్ 4న గూడూరును నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా మారింది, కలెక్టరు మారారు, అక్షాంశం మారలేదు. మంచు కోసం లంబసింగి వెళ్లొచ్చినవాళ్లున్నారు. పాపం, అక్కడా వాళ్లు చూసింది పొగమంచూ, ఎప్పుడైనా గడ్డి మీద పేరుకున్న తెల్లటి పొరానే.

పోనీ, లేని మంచునైనా సరిగ్గా వేస్తున్నారా? షాపు స్టాంపులను తిప్పి చూడండి. కొన్నిటికి ఎనిమిది రెక్కలుంటాయి. మంచు పువ్వుకు ఉండేవి ఆరు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు మూలలుగా అల్లుకుంటాయి, ఆకాశంలో ఎనిమిదికి చోటు లేదు. 2009 డిసెంబరులో థామస్ కూప్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, గ్రీటింగు కార్డుల మీద ఎనిమిది రెక్కల మంచు వేస్తున్నారని 'నేచర్' పత్రికకు ఉత్తరమే రాశారు. మంచు పడే దేశాల వాళ్లకే లెక్క తప్పుతుంటే మనల్నేం అనగలం? అయినా ఒక మాట అనాలి. మన నిమ్మ మార్కెట్‌లో ఒక కాయ తీసుకుని అడ్డంగా కోయండి. ఎనిమిది నుంచి పది తొనలు, చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో చుక్క. ఆ స్టాంపు మీద ఉన్నది అదే. ఎక్కడో ఫ్యాక్టరీలో తెలియక నిమ్మకాయను చెక్కి మంచని అమ్మితే, నిమ్మకు పేరుపడ్డ గూడూరు దాన్ని డబ్బిచ్చి కొని మంచనుకుంటోంది. అసలు కాయకేమో చలికాలం వచ్చేసరికి అడిగే దిక్కుండదు, షర్బత్తు తాగేవాళ్లు తగ్గి ధర పడిపోతుంది.

స్టాంపు కొట్టడాన్ని చేతిపని అనడం మీద కూడా నాకు పేచీ ఉంది. అచ్చు అంటే చిన్నచూపు కాదు. మచిలీపట్నం వైపు కలంకారీ చెక్క అచ్చులతోనే నడుస్తుంది, ఆ అచ్చును చెక్కే చెయ్యి వేరే స్థాయి. మన పక్కనే ఉన్న శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గుడ్డ మీద గీస్తారు. రెండూ చేతిపనులే. కొన్న రబ్బరును కొన్న ఇంకులో అద్ది కొన్న అట్ట మీద కొట్టేది మాత్రం ధ్రువీకరణ. ఆ పని మన గెజిటెడ్ ఆఫీసర్లు తరతరాలుగా చేస్తున్నారు, వాళ్లను కళాకారులని ఎవరూ అనలేదు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ 1885లో మొదటిసారి మంచు స్ఫటికాన్ని సూక్ష్మదర్శినితో ఫోటో తీశాడు. బతికినంత కాలం తీస్తూ అయిదు వేలు దాటించాడు, ఒకటి ఇంకొకదానిలా లేదని చూపించడానికి. మనం ఒకే పువ్వును ఒకే కార్డు మీద ఇరవైసార్లు కొట్టి, అలాంటి కార్డులు నలభై తీగకు కట్టి, దానికి సృజనాత్మకత అని పేరు పెట్టాం.

ఇక్కడ ఒకరు అడ్డం తగులుతారు: "క్రిస్మస్ మీద మీకెందుకండీ కడుపుమంట?" అయ్యా, క్రిస్మస్ మీద కాదు. ఈ ప్రాంతానికి క్రిస్మస్ నిన్న ఆన్‌లైన్‌లో రాలేదు. జర్మనీలోని హెర్మాన్స్‌బర్గ్ నుంచి ఆగస్ట్ మైలియస్ అనే మిషనరీ 1865లో సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. ఆ మిషన్ గూడూరుకూ వచ్చింది. మోకాటి లోతు మంచులో నడిచి వచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల తర్వాత ఇక్కడి సంఘాలు కట్టుకున్న క్రిస్మస్‌ను చూడండి: వెదురు పుల్లలతో రంగు కాగితాల నక్షత్రం, అందులో బల్బు. గడ్డితో పశువుల పాక. డిసెంబరు మొదలవగానే సెమీ క్రిస్మస్, అర్ధరాత్రి ఇంటింటికీ కేరల్స్, డప్పు, టీ, కొత్త బట్టలు. మంచు ఎక్కడుంది? ఆ పండగకు అది అవసరం పడలేదు. ఆ నక్షత్రం కట్టే కుర్రాడి చేతికి వెదురు పేడు గుచ్చుకున్న గీతలుంటాయి. సొంత చేతులు అంటే అవి. ఆ కుర్రాడు బడికి వచ్చి స్టాంపు లేదని చీవాట్లు తింటాడు.

మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పే 1843 నాటి లండన్ కార్డు మీద కూడా మంచు లేదు. హెన్రీ కోల్ పురమాయిస్తే హార్స్‌లీ అనే చిత్రకారుడు వేసింది. మధ్యలో ఒక కుటుంబం వైను తాగుతుంటుంది, పక్కల్లో పేదలకు అన్నమూ బట్టలూ పెడుతుంటారు. పిల్లకు వైను పట్టిస్తున్నారని అప్పట్లో మందు వ్యతిరేకులు గొడవ చేశారు. మన బడులు మూలానికి కట్టుబడి ఉండాలనుకుంటే వేయించాల్సింది ఆ బొమ్మ.

మంచు పువ్వు మీద అసలైన గ్రీటింగు 1611 నాటిది. అప్పుడు ప్రాగ్ నగరంలో ఉన్న కెప్లర్, గ్రహాల లెక్కలు కట్టిన కెప్లరే, ఒక పెద్దమనిషికి కొత్త సంవత్సరం కానుక ఇవ్వాల్సి వచ్చి, చేతిలో డబ్బు ఆడక ఆలోచిస్తూ వంతెన మీద నడుస్తుంటే కోటు మీద మంచు రాలింది. అన్నీ ఆరు రెక్కలే ఎందుకున్నాయని తలగోక్కుంటూ చిన్న పుస్తకం రాసి అదే కానుకగా ఇచ్చాడు. ఆయన చేసింది చిన్న పని: తన కోటు మీద ఏం పడిందో చూశాడు. మన పిల్లల రెయిన్‌కోటు మీద పడుతున్నది చూడొద్దని, కెప్లర్ కోటు మీద పడ్డదాన్ని ఎనిమిది రెక్కలతో దించమని మనం మార్కులు పెడుతున్నాం.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది గ్లిట్టరు దగ్గర. ప్యాకెట్టులో ఉండేది అల్యూమినియం పూత పూసిన ప్లాస్టిక్ పొరను తరిగిన పొడి. మంచు పడే యూరప్ వాళ్లే విడి ప్లాస్టిక్ గ్లిట్టరు అమ్మకాలను 2023 అక్టోబరు నుంచి ఆపించారు, సముద్రాల్లోకి పోతోందని. మనం దాన్ని తెప్పించుకుని పులికాట్ పక్కన కూర్చుని చల్లుకుంటున్నాం. ఏ ఊళ్లో కూర్చుని? గూడూరులో! సైదాపురం, కలిచేడు వైపు గనుల్లోంచి అబ్రకం తవ్వి, రేకులు తీసి, విదేశాలకు ఎగుమతి చేసి బతికిన ఊళ్లో. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో క్రిస్మస్ చెట్ల మీద మంచులా చల్లినవాటిలో మెత్తగా నూరిన అబ్రకం కూడా ఉండేది. అంటే వాళ్లకు మంచు సరిపోక మన గనుల్లో దొరికే సరుకుతో మంచు చేసుకున్నారు, మనకు అబ్రకం కాళ్ల కింద ఉండగా యూరప్ వాళ్లు వద్దన్న ప్లాస్టిక్కుతో మంచు చేసుకుంటున్నాం. ఈ వ్యాపారంలో రెండు వైపులా నష్టపోగలిగింది ప్రపంచంలో మనమొక్కరమే అయ్యుండాలి. సైదాపురం బస్సెక్కి గనుల దగ్గర దిగితే దారి పక్క మట్టే ఎండకు తళతళమంటుంది. చిన్నప్పుడు కాకిబంగారం అని పలకల సంచిలో దాచుకున్న తాతలు ఇంకా ఉన్నారు. ఆ రేకులు చీల్చి చీల్చి వేళ్లు అరిగిన అవ్వలు కూడా ఉన్నారు. వాళ్ల మనవరాలి కార్డు మీద మెరిసేది మాత్రం కొరియర్లో రావాలి.

తెల్లటి నేలే కావాలంటే చిల్లకూరు మండలం పోండి. సిలికా ఇసుక, గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతుంటుంది. ఫోటో తీసి పంపితే అమెరికాలో ఉన్న మేనమామ కూడా మీ ఊళ్లో ఎప్పుడు పడిందని అడుగుతాడు.

ఇంతకీ ఆరు రెక్కల పువ్వును వేయడం మనకు రాదా? ధనుర్మాసంలో తెల్లవారుజామున గూడూరు ఏ వీధిలోనైనా చూడండి. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. నడుమ వరసలో పదిహేను, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ ఎనిమిది. మొత్తం నూట అరవై తొమ్మిది చుక్కలు, ఆరు భుజాలూ సమానం. కెప్లర్ చూస్తే అక్కడే గొంతుక్కూర్చునేవాడు. వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండిని జారవిడుస్తూ, స్కేలు లేకుండా, రబ్బరు లేకుండా, తప్పితే కాలితో చెరిపి మళ్లీ వేస్తూ ఎనిమిదో తరగతి పిల్ల అది పూర్తిచేసి బడికి పోతుంది. అక్కడ ఆ పిల్లకు స్టాంపు కొట్టడం నేర్పుతారు. ముగ్గు మీద నాకేమీ మొహమాటం లేదు, మన వీధుల్లోనూ ఇప్పుడు చిల్లుల గొట్టం దొర్లిస్తే ముగ్గు పడుతుంది, అపార్ట్‌మెంట్లలో స్టిక్కరే అంటిస్తున్నారు. చేతిని పక్కకు పెట్టే తెలివి మనకు బయటినుంచి రానక్కర్లేదు. కానీ గొట్టం దొర్లించినావిడ దాన్ని సృజనాత్మకత అని గ్రూపులో పెట్టదు. టైము లేక అని నిజం చెప్తుంది.

గ్రీటింగు కార్డులు మనకు కొత్తా కాదు. సినిమా హీరోల బొమ్మలున్న సంక్రాంతి కార్డులు బండ్ల మీద అమ్మేవాళ్లు. కవరు అంటించకుండా మడిచి 'బుక్ పోస్ట్' అని రాస్తే తపాలా ఖర్చు తగ్గేదని అదే పంపేవాళ్లం. దాని మీద కొట్టిన స్టాంపు ఒక్కటే, పోస్టాఫీసుది. పంపినవాడి ఊరు, తేదీ అందులో ఉండేవి. మన కొత్త చేతిపని కార్డు మీద ఊరి ఆనవాలు లేదు. పైగా అది ఎవరికీ పోదు కూడా. రాసింది 'డియర్ ఫ్రెండ్' అని, వేలాడేది తీగకు, చేరేది జనవరిలో పాత కాగితాలవాడి బండికి.

ఈసారి ఒక పిల్ల పొరపాటున నిజంగానే సొంతంగా కార్డు చేసిందనుకుందాం. నిమ్మచెక్కను ఇంకులో అద్ది నాలుగు మూలలా ముద్రలు వేసింది. మధ్యలో పంబలేరు పొంగి రోడ్డెక్కింది, ఆగిపోయిన లారీ మీద డ్రైవరు కూర్చున్నాడు, పైన నేలపట్టు పక్షుల కేంద్రం వైపు పోయే గూడబాతులు. లారీ అద్దానికి కాకిబంగారం రేకు అంటించింది. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో: 'సెలవు ఇచ్చినందుకు కలెక్టరు గారికి కృతజ్ఞతలు.' పంపాల్సిన అడ్రసు కూడా ఉంది. మిస్ గారు ఆ కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఎర్ర పెన్ను తీసి మూలన రాస్తారు: మంచు ఏది?