మీ ఊపిరి నా దాకా వచ్చేలోగా

నన్ను చూసిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. విమానం ఎక్కుతారు, బ్యాగు పైన కుక్కుతారు, సెల్ఫీ దిగుతారు, బెల్టు పెట్టుకుంటారు. వాళ్ల కాళ్ల కింద, సామాన్ల గది పక్కన, చీకట్లో నేనుంటాను. నా పేరు హెపా ఫిల్టరు. వెంట్రుక కంటే సన్నని గాజు పోగుల కాగితాన్ని మడతలు పెట్టి నన్ను తయారుచేశారు. మా వంశం 1940ల నాటిది. అమెరికాలో అణుబాంబు పని జరిగే రోజుల్లో రేడియోధార్మిక ధూళిని పట్టడానికి పుట్టాం. పెద్దల ఉద్యోగం గొప్పగా చెప్పుకునేది కాదు గానీ, పనితనం మాత్రం వాళ్లదే.

నేనూ మిమ్మల్ని చూడలేదు. మీ ఊపిరితోనే నాకు పరిచయం. క్యాబిన్‌లో గాలి పైనుంచి దిగి, మీ కాళ్ల దగ్గర గోడవార ఉన్న సందుల్లోంచి కిందికి పోతుంది. దాదాపు సగం ఆకాశం పాలవుతుంది, మిగతాది నా దగ్గరికి వస్తుంది. దుప్పటి నూగు, తల చుండ్రు, బిర్యానీ ఘుమఘుమ, ఎవరిదో జలుబు, అన్నీ కలిసే వస్తాయి. వాసనలు నాకు చిక్కవు. తక్కినవాటిని వదలను.

నన్ను జల్లెడ అనుకునేవాళ్లే ఎక్కువ. జల్లెడైతే చిన్నవి జారిపోవాలిగా? అతి చిన్న రేణువు తిన్నగా నడవదు. చుట్టూ ఉన్న గాలి అణువులు తోస్తుంటే తూలుతూ పోయి ఏదో ఒక పోగుకు అతుక్కుంటుంది. పెద్దదేమో తన వేగంతో మలుపు తిరగలేక గుద్దుకుంటుంది. ఆ రెండూ కాని నడిమి రకం, 0.3 మైక్రాన్ల దరిదాపుల్లోది, నాకు కష్టం. అందుకే నాకు పరీక్ష దానితోనే పెడతారు. 10,000 వస్తే 9,997 పట్టాలి. పైగా క్యాబిన్ గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. ఆసుపత్రి ఐసొలేషన్ గదికి 12 సార్లు చాలంటారు. ‘విమానంలో ఒకడు దగ్గితే ఆ గాలే అందరికీ తిప్పుతారు’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే నా పూచీ నా దాకా వచ్చిన గాలికే. దగ్గినాయన నోటి తుంపరకు నాకంటే ముందు పక్క సీటాయన ముక్కు తగులుతుంది. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో జరిగింది అదే. సార్స్ సోకిన 72 ఏళ్ల పెద్దాయన ఒకరు ఎక్కారు. మూడు గంటల ప్రయాణం, 120 మంది. తర్వాత 22 మందికి జబ్బు బయటపడింది. ఆయన ముందున్న మూడు వరుసల్లో 23 మంది కూర్చుంటే 8 మంది పడ్డారు. దూరంగా కూర్చున్నవాళ్లలోనూ కొందరు పడ్డారు, అది వేరే సంగతి. మనుషులు సీట్లో కదలకుండా కూర్చోరుగా!

నాకు ఇంకా భయం పుట్టించే కథ అలాస్కాలోని హోమర్ ఊరిది. 1977లో ఇంజను చెడి ఒక విమానం మూడు గంటలు నేల మీదే నిలబడిపోయింది. గాలి తిప్పే యంత్రాలు ఆగిపోయాయి. మనుషులు 54 మంది, అందులో ఒకరికి ఫ్లూ. చాలామంది లోపలే కూర్చున్నారు. మూడు రోజుల్లో ప్రయాణికుల్లో 72 శాతం మంచం పట్టారు. ఎంత ఎక్కువసేపు లోపల ఉంటే అంత ఎక్కువగా సోకింది.

ఆకాశంలో ఉన్నప్పుడు హడలిపోయే మీరు, నేల మీద తలుపులు మూసి, ఏసీ నీరసించి, ‘ఎప్పుడు బయల్దేరుతుందండీ’ అని పేపరుతో విసురుకునేటప్పుడు మాత్రం మాస్కు గడ్డం కిందికి లాగేస్తారు. ఫ్యాను ఆగితే నేను మడతల కాగితాన్ని, అంతే.

గడువు తీరగానే నన్ను లాగేస్తారు. శంషాబాద్‌లో మా పాతవాణ్ణి తీసేటప్పుడు పెద్ద మెకానిక్ కుర్రాడికి చెప్పిన మాట ఇది: “మాస్కు పెట్టుకో తమ్ముడూ. దులపకు. అట్లాగే కవర్లో పెట్టి మూతి కట్టెయ్.” నా కడుపులో ఏముందో ఆయనకు తెలుసు.

మీకు నా మనవి కొంచెమే. చలేస్తే దుప్పటి కప్పుకోండి గానీ, తల మీది గాలి గొట్టం మూయకండి. ఎక్కేటప్పుడు, దిగే తొక్కిసలాటలో, విమానం నిలిచిపోయినప్పుడు మాస్కు తీయకండి. జ్వరం, దగ్గు ఉంటే టికెట్టు మార్చుకోండి. డబ్బు పోతుంది, నిజమే. పక్క సీటాయన ఇంట్లో ఎవరున్నారో మీకు తెలియదు కదా.