నా తెర ముందు కూర్చున్నవాళ్లు

నేను ఇరవై ఒక్క అంగుళాల కలర్ టీవీని. గోడకు తగిలించే పలచటి టీవీలు ఇంకా మామూలు ఇళ్లలోకి రాని రోజుల్లో పుట్టిన డబ్బా టీవీని. ముందు గాజు తెర, వెనక ఉబ్బిన వీపు. జహీరాబాద్‌లో ఒక ఇంటి ముందటి అర్రలో, చెక్క స్టాండు మీద నా బతుకులో ఎక్కువ భాగం గడిచింది. హైదరాబాద్ నుంచి ముంబై పోయే రహదారి ఆ ఇంటికి దగ్గరే. అప్పట్లో దాన్ని 9వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లు, ఇప్పుడు 65 అంటున్నారు. పడమటి దిక్కున కొద్ది దూరం పోతే కర్ణాటక. అందుకే మా ఇంట్లో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం కలగలిసి వినపడేవి.

వార్తలు చూపించాను, సీరియళ్లు చూపించాను, క్రికెట్ చూపించాను. వార్తలప్పుడు తాత ఒక్కడే మాట్లాడేవాడు, సీరియళ్లప్పుడు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఇంటిల్లిపాదీ అసలైన వాదనకు దిగింది పిల్లల బొమ్మల ముందే. బొమ్మల్లో రాజకీయం ఏముంటుంది, పిల్లలు నవ్వుకుంటే చాలదా అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకోసమే ఈ కథ చెబుతున్నాను.

ముందు మా ఇంటివాళ్ల గురించి చెప్పాలి. తాత, అవ్వ ఎర్రచెలకలో జొన్న, కంది పండించిన మనుషులు. అవ్వ చిన్నతనంలో ఊళ్లో ఒక పెద్దింట్లో బాసన్లు తోమింది. నాయిన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అమ్మ అంగన్‌వాడీ టీచరు. పిల్లలిద్దరు, పెద్దది బిడ్డ, చిన్నోడు కొడుకు. సాయంత్రమైతే పక్కింటి ఖాలా తన కొడుకును తీసుకుని వచ్చేది. వీళ్లే నా ప్రేక్షకులు.

మా జాతి పెద్దల సంగతి తాత చెబితే విన్నాను. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా, ఏడాది పాటు, అమెరికా వాళ్ల ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు అందాయట. వాటిలో మన ఊళ్లూ ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అంటే ఈ దేశంలో పల్లెలోకి టీవీ అడుగుపెట్టిందే ఏదో ఒకటి బోధించడానికి. 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ కూడా ఆ కాలానిదే. విజయా మూలే తీసిన ఆ చిన్న బొమ్మల సినిమాలో వలలో పడ్డ పిట్టలన్నీ ఒక్కసారిగా రెక్కలాడించి వలతో సహా ఎగిరిపోతాయి. నాయిన చిన్నప్పుడు దాన్ని దూరదర్శన్‌లో చూశాడు. నా తెర మీద ఎప్పుడో ఒక పాత కార్యక్రమంలో అది మళ్లీ వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడ్డంత పని చేశాడు.

“సందేశమంటే గిట్లుండాలె,” అన్నాడు.

“సర్కారు సొంతంగ చెప్తే ఎవడింటడు? పిట్టలతోని చెప్పిచ్చింది,” అన్నాడు తాత. ఆయన దాన్ని తప్పు పట్టలేదు. ఎవరు చెప్పిస్తున్నారో తెలిసి వినాలన్నది ఆయన మాట.

అలాంటి సందేశం దాచుకోదు. తన పేరు తానే చెప్పుకుని వస్తుంది. అవునంటారు, కాదంటారు, వాదిస్తారు. పేరు చెప్పుకోకుండా లోపలికి వచ్చే సందేశాన్ని మాత్రం మా ఇంట్లో మొదట పట్టుకున్నది అక్షరం ముక్క రాని అవ్వే.

ఒక మధ్యాహ్నం టామ్ అండ్ జెర్రీ నడుస్తోంది. పిల్లి, ఎలుక ఇల్లంతా పీకి పందిరేస్తున్నాయి. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. అంతలో చీపురు పట్టుకుని ఒకామె వచ్చింది. తెర మీద ఆమె కాళ్లు, చెప్పులు, నడుం దాకా బట్టలు. అంతే. పిల్లిని తిట్టి, ఊడ్చి, పోయింది. అవ్వ వక్క నములుతూ చూస్తోంది.

“ఆమె మొఖం ఎందుకు సూపియ్యరు?” అంది.

పిల్లలు నవ్వు ఆపారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

“పిల్లి మొఖం సూపిస్తరు, ఎల్క మొఖం సూపిస్తరు. పని జేసేదాని మొఖం సూపియ్యరా?” అని అవ్వ మళ్లీ అడిగింది.

ఆ ప్రశ్న అమెరికాలో ఎప్పుడో లేచింది. 1940లో మొదలైన ఆ బొమ్మల్లో ఇంటిపని చేసే నల్లజాతి స్త్రీని కాళ్ల వరకే చూపేవారు. ఆమెకు గొంతిచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్. నల్లజాతివారి హక్కుల సంఘం ఆ పాత్ర తీరు మీద నిరసన తెలిపింది. 1952 తర్వాత ఆ పాత్ర కొత్త బొమ్మల్లో కనిపించలేదు. పాతవాటిలో కొన్నిచోట్ల గొంతు మార్చారు, కొన్నిచోట్ల మనిషినే మార్చి గీశారు. ఆ చరిత్ర అవ్వకు తెలియదు. బాసన్లు తోమిన చేతులకు తెలిసిన సంగతిని బట్టే ఆమె అడిగింది. చూసేవాళ్ల అభిప్రాయానికి చదువుతో పనిలేదు, బతుకు చాలు అని నాకు ఆరోజు అర్థమైంది.

2008 వచ్చింది. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ వాళ్ల ఛోటా భీమ్ పోగో చానల్లో మొదలైంది. మరుసటి ఏడాదికి పిల్లలకోసమే తెలుగులో ఖుషీ టీవీ కూడా వచ్చింది. అందులో డోరా, బుజ్జీ మా ఇంటి పిల్లలతో తెలుగులో మాట్లాడారు. అయినా భీమ్ ఉండే ఢోలక్‌పూర్ ముందు ఏదీ నిలవలేదు. లడ్డూ తిని బలం తెచ్చుకునే భీమ్, చుట్కీ, రాజూ, జగ్గూ కోతి, కాలియా, ఢోలూ, భోలూ. మన భాగ్యనగరంలోనే గీసిన బొమ్మలని తెలిసి నాయిన ఎంతో గర్వపడ్డాడు. ఆ గర్వం న్యాయమైనదే. అంతకుముందు పిల్లల తెర మీద ఎక్కువగా బయటి దేశాల బొమ్మలే ఉండేవి.

అయితే తనవాళ్ల బొమ్మను తనవాళ్లే నిలదీయాలి. మా ఇంట్లో అదే జరిగింది.

తాత ఢోలక్‌పూర్‌ను ఏలే రాజు సంగతి ఎత్తాడు. “ఊర్ల ఏ కష్టమొచ్చినా రాజు దగ్గరికి ఉరుకుతరు, రాజు భీమ్‌ను పిలుస్తడు. పంచాయితి లేదా, సర్పంచ్ లేడా?” అని అడిగాడు. ఓటేసే దేశంలో పుట్టిన పిల్లలు బలమున్నవాడి పిడికిలితోనే అన్నీ తీరతాయని నేర్చుకుంటారేమోనని ఆయన భయం. నాయిన ఒప్పుకోలేదు. “కథల రాజు లేకుంటె ఎట్ల? మనం చిన్నప్పుడు విన్నయన్నీ రాజుల కథలే గద,” అన్నాడు. అమ్మ ఇంకో వైపు నుంచి వచ్చింది. లడ్డూలు చేసి అమ్మే టున్‌టున్ మౌసీని చూపించి, “దుకాణం ఆమెది, సంపాదన ఆమెది, బిడ్డను పెంచుతున్నది ఆమె. అది కూడ సూడుండ్రి,” అంది. ఒకే బొమ్మలోంచి ముగ్గురు మూడు సందేశాలు తీశారు. ముగ్గురిదీ నిజమే.

ఖాలా మెల్లగా అన్న మాట అందరికన్నా లోతుగా దిగింది. “మా పిలగాడు రోజూ చూస్తడు. భీమ్ దోస్తుల్ల మా పేర్లున్నోడు ఒక్కడు లేడు. మనింట్ల ఇద్దరు కలిసే ఆడుకుంటరు గద, ఆ ఊర్లెందుకు ఆడుకోరు?” జహీరాబాద్ బజారులో ఏ గల్లీకి పోయినా రెండు రకాల పేర్లూ పక్కపక్కనే బోర్డుల మీద ఉంటాయి. బొమ్మల ఊరికి ఆ సంగతి తెలియకపోవడం ఖాలాకు ఎందుకు నొప్పిగా ఉందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసింది.

మరి చిన్నోడు? ఒకరోజు బడి నుంచి వచ్చి నా ముందు కూర్చోలేదు. అమ్మ అడిగితే, “బడిల నన్ను కాలియా అంటున్నరు,” అన్నాడు. నల్లగా, కాస్త బొద్దుగా ఉంటాడు వాడు. ఉర్దూ వినే ఊళ్లో ఆ పేరుకు అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. నాయిన “బొమ్మే కదరా” అన్నాడు గానీ, కొడుకు ముఖం చూసి ఊరుకున్నాడు.

నేను మాట్లాడగలిగి ఉంటే వాడికి నా లోపలి సంగతి చెప్పేదాన్ని. నా గాజు వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం పూతలే ఉన్నాయి. వెనక నుంచి కిరణం వచ్చి వాటిని తాకితే వెలుగుతాయి. రాకుమారి బుగ్గైనా, రాక్షసుడి ముఖమైనా ఆ మూడింటిలోంచే వస్తుంది. ఒకచోట కిరణం ఎక్కువ, ఒకచోట తక్కువ. ఎవరు అందగాడు, ఎవరు వెక్కిరింతకు పనికొస్తాడు అన్నది నా గాజులో లేదు. కథ రాసినవాళ్ల దగ్గర, ఆ కథ చూసి బడిలో వాడుకున్నవాళ్ల దగ్గర ఉంది.

చూసేవాళ్లను అడిగి తీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. అమ్మ ఒకసారి డీవీడీ తెచ్చి నాకు తగిలించింది. యూనిసెఫ్ వాళ్ల మీనా. 1990ల మొదట్లో దక్షిణాసియా ఆడపిల్లలకోసం రూపుదిద్దిన పాత్ర. బొంబాయికి చెందిన రామ్‌మోహన్ ఆ బొమ్మల రూపకల్పనలో ముఖ్యుడు. మీనా పేరు, ముఖం, బట్టలు ఎలా ఉండాలో తేల్చే ముందు భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్ ఊళ్లలో పిల్లలకు, పెద్దలకు చూపించి వాళ్ల మాట విన్నారు. ఒక కథలో తమ్ముడు రాజుకు మామిడిపండులో పెద్ద ముక్క, మీనాకు చిన్నది. ఒక రోజంతా ఇద్దరూ పనులు, తిండి మార్చుకుంటారు. సాయంత్రానికి తమ్ముడికి అక్క కష్టం తెలిసివస్తుంది.

ఆ రాత్రి మా ఇంట్లో కోడిగుడ్డు కూర. అమ్మ అలవాటుగా రెండు గుడ్లు చిన్నోడికి, ఒకటి బిడ్డకు వేసింది. బిడ్డ ఏమీ అనలేదు, తమ్ముడి పళ్లెం వైపు చూసింది. అంగన్‌వాడీలో ఆ బొమ్మలు చూపించే అమ్మే గరిటె పట్టుకుని ఆగిపోయింది. చిన్నోడు తన పళ్లెంలోంచి సగం గుడ్డు తీసి అక్క పళ్లెంలో పెట్టాడు. “పెద్దగైనంక గూడ యాదుంచుకో బిడ్డా,” అంది అవ్వ.

ప్రభుత్వాలు బొమ్మల మీద కోప్పడటం కూడా విన్నాను. షిన్‌చాన్ మాటతీరు బాగాలేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే 2008లో మన దేశంలో ఆపేశారు, తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చింది. హిందీ డోరేమాన్ చూసి పిల్లలు తమ భాషకు దూరమవుతున్నారని 2013లో బంగ్లాదేశ్ దాన్ని నిలిపేసింది. చెడ్డమాట, పరాయిభాష అందరికీ వినపడతాయి. చూపని ముఖం, పిలవని పేరు చెవికి అందవు. వాటిని నిషేధించడం ఎవరివల్లా కాదు, గుర్తుపట్టడమే దారి.

2020లో బడులు మూతపడ్డప్పుడు నాకు మళ్లీ పని పెరిగింది. సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వస్తే చిన్నోడు, ఖాలా కొడుకు నా ముందు నోట్‌బుక్కులతో కూర్చున్నారు. అంతకుముందు జూన్‌లో ఒక వింత రగడ. భీమ్ చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లాడాడని పుకారు లేచింది. చుట్కీకి న్యాయం చేయాలంటూ దేశమంతా గోల. ఆ పాత్రలు ఇంకా చిన్నపిల్లలే, పెళ్లి జరగలేదని గ్రీన్ గోల్డ్ ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి బిడ్డ కాలేజీ వయసు పిల్ల. “లడ్డూలు పెట్టింది చుట్కీ, లగ్గం రాకుమారితోనా? పైసలున్నోళ్లకే అన్నీనా?” అని ఆమె కూడా ఆవేశపడింది. అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నా లగ్గమైనప్పుడు నాకు పన్నెండేండ్లు. ఆడుకునే పిల్లలకు లగ్గం ముచ్చట ఎందుకే? ఎవర్ని చేస్కున్నడని కొట్లాడుతున్నరు. గంత చిన్నపిల్లలకు లగ్గమేందని ఒక్కరన్న అడిగిన్రా?” అంది.

బిడ్డ చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లలో నా ముందు పుట్టిన అభిప్రాయాల్లో నేను అన్నిటికన్నా గౌరవించేది ఇదే.

అడగడం అవ్వకు ముందునుంచీ ఉన్నదే, ఆ ధైర్యం ఇంకా పెరగడం మాత్రం ఊరికే జరగలేదు. భీమ్ పుట్టిన 2008లోనే, అక్టోబరు 15న, ఝరాసంగం మండలం మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు, ఎక్కువగా దళిత స్త్రీలు, తమ విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడుకునే రేడియో. దాన్ని ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఇద్దరూ ఉన్నారు. ఆ సంఘాల స్త్రీలు కెమెరాలు పట్టి సినిమాలు కూడా తీశారు. వాళ్ల సినిమాల్లో పనిచేసే మనిషి ముఖమే ముందు కనిపిస్తుంది. తనలాంటి ఊరివాళ్లే మాట్లాడటం విన్న అవ్వ నా ముందు కూర్చుని నోరు మూసుకుని ఉండాల్సిన అవసరం చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో గోడకు పలచటి టీవీ ఉంది. నన్ను అవ్వ అర్రలో పెట్టారు. ఆ టీవీ మీద నాకు ఈర్ష్య లేదు. నా బాధ వేరే. ఇంటికొచ్చే బంధువుల పిల్లలు బొమ్మలు చూసేది ఇప్పుడు ఫోనులో. తలా ఒక మూల, చెవుల్లో వైర్లు. ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతటదే వస్తుంది. ఆ చిన్న తెర ముందు రెండో మనిషికి చోటు లేదు. మొఖం ఎందుకు చూపరని అడగడానికి అవ్వ ఉండదు, నా పేరున్నోడు ఏడని అడగడానికి ఖాలా ఉండదు. బొమ్మలు మారినందుకు కాదు, పక్కనుండి మాట్లాడే మనిషి పోయినందుకు నేను భయపడుతున్నాను.

తల్లిదండ్రులారా, టీవీ కట్టేయమనో, ఫోను లాక్కోమనో నేను అడగను. రోజుకు ఒక్క బొమ్మ పిల్లల పక్కన కూర్చుని చూడండి. అయిపోయాక మీ అభిప్రాయం చెప్పే ముందు వాళ్లను అడగండి: ఈ కథలో ఎవరు గెలిచారు, ఎవర్ని చూసి నవ్వారు, మన గల్లీలో ఉండి ఆ ఊళ్లో లేనిదెవరు? జవాబు వాళ్లే చెబుతారు. బొమ్మలు గీసేవాళ్లారా, మీనాను గీసినవాళ్లు చేసినట్టు గీసే ముందు మా ఊళ్లకు రండి, పిల్లల్నీ అవ్వల్నీ అడగండి. తరంగాలు ప్రజలవని కోర్టు చెప్పింది. ఆ తరంగాల మీద వచ్చే కథల్లో ప్రజలందరి ముఖాలూ కనిపించాలి.